గజ్జి మందు పంచినా మళ్లీ ఎందుకు వస్తోంది: లేబర్ షెడ్లలో ఆరోగ్య బోధన ఎలా చేయాలి

సర్జాపుర రోడ్డు వైపు కట్టడం పనివారి షెడ్లలో సాయంత్రం బడి నడుపుతున్న మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అక్కడ సుమారు 60 కుటుంబాలు ఉన్నాయి, ఎక్కువమంది పాలమూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవారు. పిల్లల్లో సగానికి పైగా గజ్జి ఉంది. మీరు రెండుసార్లు మందు తెచ్చి ఇచ్చారు, సబ్బులు పంచారు, పరిశుభ్రత గురించి ఒక డాక్టరు గారితో మాట్లాడించారు. అయినా నెల తిరగకముందే మళ్లీ మొదలైంది. ఇలాంటి సభలు ఇంకా పెడితే తగ్గుతుందా, పెడితే ఏం చెప్పాలి అని అడిగారు. బెంగళూరు శివార్లలోని ఇలాంటి షెడ్లలో ప్రజారోగ్య నర్సుగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. బోధన వల్ల గజ్జి తప్పకుండా తగ్గుతుంది. అయితే ఆ బోధన శుభ్రత గురించి కాకుండా, దురద ఉన్నవారూ లేనివారూ అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవడం గురించి జరగాలి. మీ షెడ్లలో లోపించింది అదేనని మీ వివరాలను బట్టి నాకు అనిపిస్తోంది.

అందరికీ ఒకేసారి ఎందుకు అన్నది, గజ్జిని తెచ్చే కంటికి ఆనని పురుగు బతుకు తీరు తెలిస్తే అర్థమవుతుంది. ఆడ పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తొలుచుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు దాదాపు రెండు వారాల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టే దశకు వస్తాయి. మామూలు గజ్జి ఉన్న మనిషి ఒంటిమీద ఉండే పురుగులు పది పదిహేనుకు మించవు. అంత కొద్ది పురుగులకు ఒళ్లంతా దురద పెట్టడానికి కారణం, ఆ పురుగుకూ దాని గుడ్లకూ మలానికీ శరీరం ఎదురుతిరగడమే. ఆ ఎదురుతిరగడానికి మొదటిసారి సోకినవారిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ సోకితే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. అంటే మొదటిసారి సోకిన మనిషి నెల రోజులకు పైగా ఏ బాధా లేకుండా తిరుగుతూ, పక్కలో పడుకున్న బిడ్డకు, చెల్లెలికి, అత్తకు పురుగును అంటించగలడు. మీరు గోక్కుంటున్న పిల్లలకు మాత్రమే మందు ఇచ్చినప్పుడు ఆ పిల్లలు బాగయ్యారు, కానీ అదే చాప మీద పడుకున్న పెద్దల దగ్గరి నుంచి పురుగు మళ్లీ వాళ్ల దగ్గరికే వచ్చింది. పిల్లలకు ఇది రెండోసారి కాబట్టి దురద వెంటనే కనిపించింది, అందరూ మందు పని చేయలేదని అనుకున్నారు.

ఇక శుభ్రత సంగతి. సబ్బుతో రోజుకు రెండుసార్లు స్నానం చేసినా చర్మం లోపల ఉన్న పురుగు చావదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెనెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిని గజ్జి రోగులు వాడిన దుప్పట్లలో పడుకోబెట్టి, వారి లోదుస్తులు తొడిగించి పరీక్షించాడు. అలా సోకినవారు చాలా కొద్దిమందే. ఒంటికి ఒళ్లు తగిలి కొంతసేపు ఉండటమే అసలు దారి అని ఆయన పని తేల్చింది. పది పదిహేను నిమిషాల పాటు చర్మం చర్మానికి ఆనుకుని ఉంటే చాలు. పది అడుగుల రేకుల షెడ్డులో ఆరుగురు పడుకునే చోట, డిసెంబరు చలికి పిల్లలంతా ఒకే బొంత కిందికి చేరే చోట అది రాత్రంతా జరుగుతుంది. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ముగ్గురు నలుగురు చొప్పున ఒకే గదిలో ఉండే మన తెలుగు కుర్రాళ్లకూ ఇదే గజ్జి రావడం నేను చూశాను, వారి స్నానాలకు లోటేమీ లేదు. కాబట్టి సభలో పరిశుభ్రత పాఠం మొదలుపెట్టగానే వినేవారికి అందే మాట ఒక్కటే: మీరు మురికిగా ఉన్నారు కాబట్టి మీకు వచ్చింది. ట్యాంకరు నీళ్లను బిందెల లెక్కన పంచుకునే తల్లికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో చెప్పనక్కరలేదు. ఆమె మరుసటి రోజు నుంచి బిడ్డకు నిండు చేతుల చొక్కా వేసి పంపుతుంది, అడిగితే దోమలు కుట్టాయంటుంది. అలా దాచిన ఒక్క ఇల్లు చాలు, మిగతా 59 ఇళ్ల శ్రమ వృథా కావడానికి.

అందుకే ముందుగా మన మాట తీరు మార్చుకోవాలి. గజ్జి ఉందా అని అడగకండి, రాత్రిళ్లు మీ ఇంట్లో ఎవరికి నిద్ర పట్టడం లేదు అని అడగండి. దురద రాత్రి ఎక్కువ కావడం, ఇంట్లో ఒకరికి మించి ఉండటం, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, బొడ్డు చుట్టూ, నడుము చుట్టూ, మగవారికి మర్మాంగాల మీద, ఆడవారికి చన్నుల చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉండటం, ఈ మూడూ కలిస్తే గజ్జి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చంటిబిడ్డలకు అరచేతుల్లో, అరికాళ్లలో, తల మీద, ముఖం మీద కూడా వస్తుంది. మనవాళ్లు సాధారణంగా వేడి చేసిందంటారు, లేదా బెంగళూరు నీళ్లు పడలేదంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. నీళ్లు పడకపోతే అందరికీ ఒకేసారి రావాలి కదా, మీ ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది, తర్వాత ఎవరికి, వాళ్లు ఎవరి పక్కన పడుకుంటారు అని నెమ్మదిగా అడుగుతూ పోతే, ఒకరి నుంచి ఒకరికి పాకిన వరుసను ఆ తల్లి తానే చెబుతుంది. సభలో గంటసేపు చెప్పినా కలగని నమ్మకం ఆ వరుసను తన నోటితో చెప్పినప్పుడు కలుగుతుంది. వీధికుక్కల వల్ల వచ్చిందని కూడా కొందరు అంటారు. కుక్క గజ్జి పురుగు మనిషికి కొన్నాళ్లు దురద తెప్పించగలదు గానీ మన ఒంటిమీద సంతానం పెంచుకుని నిలవలేదు, కుక్కలను తరిమినా షెడ్లలో గజ్జి పోదు.

సభ పెట్టే పక్షంలో ఉపన్యాసం అయిదు నిమిషాలకు మించకుండా, మిగతా సమయమంతా మందు ఎలా రాసుకోవాలో చేసి చూపించడానికి కేటాయించండి. నేను వాడే పద్ధతి చాలా తేలిక. గిన్నెలో పసుపును కొబ్బరినూనెతో పల్చగా కలిపి, ముందుకొచ్చిన ఎవరినైనా మామూలుగా మందు రాసుకునేటట్లే మోచేతి దాకా రాసుకోమంటాను. రాయడం అయ్యాక చేతిని దీపం వెలుతురులో వేళ్లు విడదీసి తిప్పి చూపిస్తే, అరచేయీ ముంజేయీ పచ్చగా ఉంటాయి, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు వెనుక, మోచేతి ముడత మాత్రం తెల్లగా మిగిలి ఉంటాయి. పురుగు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ తెల్లగా మిగిలిన చోట్లలోనే. గాజుల కింద చర్మం కూడా అలాగే మిగిలిపోవడం చూసి ఆడవాళ్లు వెంటనే తమ గాజులు పైకి జరుపుకుని చూసుకుంటారు. ఇది చూశాక మెడ నుంచి అరికాలి దాకా, పిరుదులు, తొడల సందు, మర్మాంగాలు, కాలివేళ్ల మధ్య కూడా వదలకుండా రాయాలని చెబితే ఎవరూ వాదించరు. మగవారికి, ఆడవారికి వేరువేరుగా చూపించండి. అందరి ముందూ మర్మాంగాల మాట ఎత్తితే తలలు దించుకుంటారు, ఆ ఒక్క చోట మందు పడదు, గజ్జి అక్కడే నిలుస్తుంది.

మందు విషయంలో జరిగే పొరపాటు ఎక్కువగా పరిమాణంలోనే ఉంటుంది. మన దగ్గర మామూలుగా రాసిచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. పెద్దవారికి ఒకసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. అయిదుగురి ఇంటికి ఒక 30 గ్రాముల ట్యూబు ఇచ్చి సరిపెట్టుకోమంటే, ఎవరికి వారు దురద ఉన్నచోట చుక్కలు పెట్టుకుంటారు. మీరు పంచింది ఇంటికెన్ని ట్యూబులో ఒకసారి లెక్క చూసుకోండి. క్రీమును పొడి చర్మం మీద రాత్రి రాసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచి, ఉదయం కడుక్కోవాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. గోళ్లు ముందే కత్తిరించుకోవాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి పాలిచ్చే ముందు చన్నులు కడుక్కుని తర్వాత మళ్లీ రాసుకోవాలి. చంటిపిల్లలకు కళ్లూ నోరూ వదిలి తలకు, ముఖానికి కూడా రాయాలి. రెండు నెలలు నిండని పసికందులకు, గర్భిణులకు ఏ మందు ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, వారికి తరచుగా గంధకం కలిపిన లేపనం రాసిస్తారు. గుడ్లలో కొన్ని మొదటి మందును తట్టుకుని మిగలవచ్చు కాబట్టి 7 నుంచి 14 రోజుల లోపల అందరూ రెండోసారి రాసుకోవాలి. దురద తగ్గిందని రెండోసారి మానేసేవారు ఎక్కువ. అందుకే మొదటి రోజే రెండో తేదీని కూడా గుంపు మేస్త్రితో చెప్పించి, షెడ్డు గోడల మీద సుద్దతో రాయించండి.

ఆ తేదీ ఎంపికలోనే సగం ఫలితం ఉంటుంది. కూలి డబ్బుల బట్వాడా రోజు రాత్రి పెట్టుకోవద్దు. ఆ రోజు ఊరికి డబ్బు పంపడం, సరుకులు తెచ్చుకోవడం, బంధువుల షెడ్లకు వెళ్లడం ఉంటాయి, మగవాళ్లు సగం మంది దొరకరు. స్లాబు వేసే రోజుల్లో కూడా వద్దు, అర్ధరాత్రి దాకా పని సాగుతుంది. ఆదివారం సెలవు ఉన్న సైటయితే శనివారం రాత్రి మంచిది, ఎందుకంటే మరునాడు ఉదయం స్నానానికి, బట్టలు ఉతకడానికి తీరిక ఉంటుంది. ఆ ఉదయానికి ఒక ట్యాంకరు అదనంగా పంపమని కాంట్రాక్టరును ముందే అడగండి. కూలీలు దురదతో నిద్రలేక పనిలో వెనకబడుతున్నారని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. రాత్రి రాసుకున్నవారు ఉదయం ఉతికిన బట్టలే కట్టుకోవాలి. ముందటి మూడు రోజుల్లో వాడిన బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేస్తే మేలు. వేడినీళ్లకు కట్టెలూ లేవు, నీళ్లూ లేవంటే, బొంతల వంటివి గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి మూడు నాలుగు రోజులు పక్కన పెడితే చాలు. మనిషి ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. నేలకు ఫినాయిలు, గోడలకు పురుగుమందు అవసరం లేదు. వ్యవసాయం నుంచి వచ్చినవారు కాబట్టి పొలం మందులు నీళ్లలో కలిపి ఒంటికి రాసుకునే ఆలోచన కొందరికి రావచ్చు. కిరోసిను సంగతీ అంతే. అవి ప్రాణానికే ముప్పు అని ఈ సభలో గట్టిగా చెప్పండి. వేపాకు నీళ్లతో స్నానాన్ని మాత్రం తప్పుపట్టకండి. హాయినిస్తుందంటే చేసుకోనివ్వండి, అయితే మందు రాసుకునే రాత్రి మందు మందే.

ఇంకొక సంగతి ముందే చెప్పకపోతే ఈ శ్రమంతా నీరుగారుతుంది. పురుగులు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నంతకాలం శరీరం ఎదురుతిరుగుతూనే ఉంటుంది. ఇది తెలియనివారు మందు పని చేయలేదని వీధి చివరి మెడికల్ షాపుకు వెళతారు. అక్కడ చేతికిచ్చేది చాలాసార్లు క్లోబెటాసాల్ వంటి స్టెరాయిడ్ కలిసిన క్రీము. దాంతో రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి గనుక అదే మంచి మందని పేరు పడుతుంది. లోపల పురుగు మాత్రం అడ్డులేకుండా పెరుగుతుంది, పొక్కులు గుర్తుపట్టలేని రూపానికి మారతాయి, పక్కవారికి సోకడం సాగుతూనే ఉంటుంది. ఏ ఇంట్లోనైనా అలాంటి క్రీము ఉంటే తెచ్చి చూపించమని అడగండి. సభకు వచ్చినవారి చేతి సంచుల్లోంచి అవి ఎన్ని బయటికి వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది. తగ్గని దురదకు మాత్ర కావాలంటే క్లినిక్కులో అడగాలి. నాలుగు వారాలు దాటాక కూడా దురద ఉన్నా, కొత్త పొక్కులు వస్తున్నా అది మళ్లీ సోకడమో, మందు సరిగా అందకపోవడమో అయి ఉంటుంది. అప్పుడు తప్పక చూపించాలి.

కొన్ని గుర్తులను తల్లులకు విడిగా చెప్పండి. గోకినచోట పుండ్లుపడి చీము పట్టడం, జ్వరం, ఉదయం లేవగానే ముఖం ఉబ్బి ఉండటం, మూత్రం తగ్గి టీ డికాషను రంగులో రావడం. గోకిన గాట్లలోకి చేరే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల వల్ల పిల్లల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అలాగే మంచానపడ్డ ముసలివారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి చర్మం మీద మందపాటి పెచ్చులు కట్టి, దురద పెద్దగా లేకుండా ఉంటే నిర్లక్ష్యం చేయకండి. ఆ రకం గజ్జిలో ఒక్క మనిషి మీద వేలు, లక్షల సంఖ్యలో పురుగులు ఉంటాయి. అలాంటివారు ఒక్కరున్నా షెడ్లన్నిటికీ సోకుతూనే ఉంటుంది, వారికి ఆసుపత్రి వైద్యమే దారి. పిల్లలను అంగన్‌వాడీ నుంచి, బడి నుంచి పంపేయడం గురించి కూడా అడిగారు. మొదటి మందు రాసి కడిగిన మరునాటి నుంచి బిడ్డను బడికి పంపవచ్చు. ఈ మాట అంగన్‌వాడీ టీచరుకు మీరే స్వయంగా చెప్పండి, లేకపోతే తల్లులు దాచడం మానరు.

సగం మంది పిల్లలకు ఉందంటే ఇది ఇంటింటి వైద్యంతో ఆగే స్థాయి దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఒక సమాజంలో 10 శాతం మందికి మించి ఉన్నప్పుడు, లక్షణాలతో నిమిత్తం లేకుండా అందరికీ మందు ఇవ్వడం గురించి ఆలోచించాలన్నది ఆ తర్వాత నిపుణుల సంప్రదింపుల్లో వచ్చిన అభిప్రాయం. ఫిజీ దీవుల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు బలమైన ఆధారం. ఒకచోట గజ్జి ఉన్నవారికీ వారి దగ్గరివారికీ మాత్రమే పెర్మెత్రిన్ ఇచ్చారు, అక్కడ ఏడాదిలో గజ్జి 37 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది. మరోచోట ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చారు, అక్కడ 32 శాతం నుంచి 2 శాతం లోపలికి దిగింది. ఈ మాత్ర బరువును బట్టి ఇవ్వాలి, కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున, 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. వారికి ఒంటికి రాసే మందే. సామూహికంగా మాత్రలు ఇచ్చే నిర్ణయం మీదీ నాదీ కాదు, వైద్యాధికారిది. షాపులో కొని మీరు పంచవద్దు. మీకు దగ్గరలోని నమ్మ క్లినిక్ (కర్ణాటక ప్రభుత్వం నడిపే పట్టణ క్లినిక్కు) లేదా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి ఒక అర్జీ రాయండి. ఉత్తి సమస్య రాస్తే క్యూలో ఉండిపోతుంది. ఇళ్లెన్ని, మనుషులెందరు, రాత్రి దురద ఉన్నవారెందరు, అయిదేళ్ల లోపు పిల్లలెందరు, 15 కిలోల లోపు వారెందరు, గర్భిణులూ బాలింతలూ ఎందరు అన్న లెక్కతో వెళితే, ఎంత మందు కావాలో వైద్యాధికారి అక్కడికక్కడే లెక్కకట్టగలరు. ఆ లెక్క మీ బడి పెద్దపిల్లలు ఒక సాయంత్రంలో తీయగలరు. ఆశా కార్యకర్త కన్నడంలో మాట్లాడితే మనవాళ్లు సరే సరే అంటారు గానీ సందేహం అడగరు. పక్కన తెలుగులో చెప్పడానికి ఒక మేస్త్రి భార్యను, మగవారి కోసం ఒక సెంట్రింగ్ కుర్రాడిని ముందే సిద్ధం చేసుకోండి. రాయచూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు అదే వరుసలో ఉంటే వారికీ వారి భాషలో చెప్పేవారు కావాలి, ఒక్క వరుసను వదిలినా ప్రయోజనం ఉండదు.

ఫిజీకీ మీ షెడ్లకూ ఒక పెద్ద తేడా ఉంది. అవి దీవులు, మీ దగ్గర సంక్రాంతికి సగం మంది ఊరెళ్లి కొత్తవారిని వెంటబెట్టుకుని వస్తారు. కాబట్టి రెండో మందు తర్వాత పని ముగిసిందని అనుకోవద్దు. కొత్త కుటుంబం దిగిన రోజే గుంపు మేస్త్రి మీకు కబురు పెట్టేటట్లు, వారికి రాత్రి దురద ఉందా అని పక్కింటివారే అడిగేటట్లు ఏర్పాటు చేయండి. ఒక నాలుగైదు కుటుంబాలకు సరిపడా క్రీము క్లినిక్కు నుంచి తెచ్చి మీ దగ్గర ఉంచుకోండి. రెండో మందు వేసిన ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి పిల్లలందరి వేళ్ల సందులూ మణికట్లూ పగటి వెలుతురులో చూసి, మొదట తీసిన లెక్క పక్కనే ఆ అంకెలు రాయండి. ఆరు వారాలకే సంఖ్య పెరిగితే, మందు రాసుకోని ఇల్లు ఏదో వెతకండి, చాలాసార్లు అది ఆ రాత్రి తాళం వేసి ఉన్న షెడ్డో, కాపలాదారు గదో అయి ఉంటుంది. సైటు పూర్తయి గుంపు హోసకోటకో దేవనహళ్లికో మారితే, ఆ లెక్క కాగితం నకలు మేస్త్రి చేతికిచ్చి, అక్కడి క్లినిక్కులో చూపించమని చెప్పండి.